అరచేతుల మీద కూర్చునే సారు

ఇంకొంచెం దగ్గరికి జరగండి, చాప మీద చోటుంది. తలుపు దగ్గరే ఆగిపోతే రోడ్డు మీది బండ్ల మోతలో నా మాట సగం పోతుంది. నేను చెప్పబోయేది రాజుల కథ కాదు, మా ముందు గదిలో నాలుగేళ్లు కిరాయికి ఉండి పోయిన ఒక మనిషి సంగతి. పేరు చెప్పను. మా వాడలో ఆయనను పేరుతో పిలిచినవాళ్లూ లేరు. కంప్యూటర్ సారు అంటే చాలు, మెదక్ బస్టాండులో దిగినవాళ్లకు మా గల్లీ దాకా దారి చూపించేవారు.

మొన్న మంగళవారం పొద్దున మా ఆడబిడ్డ సుశీల దవాఖాన నుంచి ఫోన్ చేసింది.

"వదినా, మన కంప్యూటర్ సారు పోయిండంట."

"ఎవలు చెప్పిండ్రే?"

"ఆయన కాడ నేర్చుకున్న పిల్ల ఒకామె చూపెట్టుకోను వచ్చింది. గామె చెప్పింది. గుండెపోటంట. రెండు నెలలైందంట."

"రెండు నెలలా?"

"ఆ. ఆగు వదినా, లైన్ల మస్తు మందున్నరు," అని పెట్టేసింది.

రెండు నెలల కింద పోయిన మనిషి కోసం ఆ పొద్దున కొత్తగా ఏడవడం నాకు చేతకాలేదు. ఒళ్లో చాట ఉంది, చాటలో సగం చుట్టిన బీడీలు ఉన్నాయి. వాటిని పూర్తి చేశాను. చేస్తున్నంతసేపూ కుడి మోకాలి పక్కనున్న కత్తెర మీదికే చూపు పోతూ ఉంది. ఎందుకు పోయిందో మీకే తెలుస్తుంది, వినండి.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో మూడు పెన్నులు, వాటిలో రాసేది ఒక్కటి. చెప్పులు విడిచేటప్పుడు వెనక్కి తిరిగి, ముందు భాగం వీధి వైపు ఉండేటట్టు విడిచేవాడు. ఇదేం అలవాటు సారూ అంటే, "వచ్చేటప్పుడు తీరిక ఉంటది అక్కా, పోయేటప్పుడు ఉండది," అన్నాడు. నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవాడు, సుశీలనూ అక్కా అనేవాడు. నేను మాత్రం చివరిదాకా సారూ అనే పిలిచాను.

ఆయన మా ఇంట్లో చేసిన మొదటి పని చెప్తాను. మా నడింట్లో ఒక స్విచ్చుల బోర్డు ఉంది. ఎనిమిది స్విచ్చులు, అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. గది సంగతి మాట్లాడటానికి వచ్చిన రోజు ఉక్కపోస్తోందని నేను ఫ్యాను వేయబోయాను. ఒకటి నొక్కితే లైటు వెలిగింది. ఇంకొకటి నొక్కితే ఏమీ కాలేదు. మూడోది వాకిట్లో బల్బు. నాలుగోదానికి ఫ్యాను తిరిగింది.

"ఎన్నేండ్ల నుంచి ఉంటున్నరు అక్కా గీ ఇంట్ల?"

"పన్నెండేండ్లు. ఇంక నాకు ఫ్యాను ఏదో తెల్వది. గంత మొద్దును."

"మీరు గాదు. బోర్డు పెట్టినాయనకు మీ చెయ్యి సంగతి తెల్వది."

అని గూట్లో అద్దానికి అంటించి ఉన్న నా బొట్టుబిళ్ల ఒకటి తీసి, అడిగి మరీ, ఫ్యాను స్విచ్చు మీద అంటించాడు. ఆ బిళ్ల ఊడిపోతే ఇంకొకటి, అది ఊడిపోతే ఇంకొకటి. ఇవాళ్టికీ మా ఫ్యానుకు బొట్టు ఉంది.

పగలంతా ముందు గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టి పిల్లలకు నేర్పేవాడు. సాయంత్రం వాళ్లు వెళ్లాక మెట్ల మీద కూర్చుని తాను నేర్చుకునేవాడు. గోధుమరంగు అట్ట వేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఒక పేజీ చదవడం, గోడ వైపు చూడటం, మళ్లీ అదే పేజీ చదవడం. ఒకరోజు అడిగాను.

"ఏమున్నది సారూ గా బుక్కుల?"

"కంప్యూటర్ ముంగట కూసున్న మనిషి తప్పులెందుకు చేస్తడు, చేయకుంట స్క్రీను ఎట్ల తయారు చెయ్యాలె, గది రాసిండ్రు అక్కా."

"మనిషి తప్పులెందుకు చేస్తడో చెప్పనీకి గింత లావు బుక్కా? మా అత్తమ్మ నోటితోనే చెప్తుండె, దినాం."

ఆయన నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఊగుతాయి. ఆ రోజు చాలాసేపు ఊగాయి.

మంచివాడే గానీ ఆ చదువు పిచ్చి ఒక్కోసారి చిరాకు తెప్పించేది. బ్యాంకుకు కొత్తగా అద్దం తలుపు పెట్టారు. రెండు వైపులా పట్టుకుని లాగే పిడి ఉంది, కానీ బయటి నుంచి వెళ్లేవాళ్లు తోయాలి. నేను రెండు చేతులా సంచులతో ఆ తలుపును లాగలేక అవస్థపడుతుంటే, ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడి ఈయన చూస్తున్నాడు. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను.

"చూసుకుంట నిలబడ్డరు, జర సాయం పట్టొద్దా సారూ?"

"పడితే మీ చెయ్యి ముందు ఎటు పోయిందో నాకెట్ల తెలుస్తది అక్కా?"

ఆ పూట ఆయనకు చాయ్ పోయలేదు. ఆయన గమనించినట్టు కూడా లేడు.

ఇప్పుడు సుశీల సంగతి. మగడు ఇంకొకామెతో పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటుంది. ఏడో తరగతి దాకా చదివింది. కాన్పుల దవాఖానలో చిట్టీలు రాసే కిటికీ వెనక అప్పటికే ఎనిమిదేళ్లుగా ఆమె కుర్చీ. లోకంలో నాది అని ఆమె చెప్పుకునేది ఆ కుర్చీ ఒక్కటే. పండక్కి కూడా ఆ కుర్చీకి తానే పసుపూ కుంకుమా పెట్టేది.

డాక్టరమ్మ చిట్టీలకు కంప్యూటర్ పెట్టాలనుకుంది. స్క్రీను తయారుచేసే పని మా సారుకే ఇచ్చింది. సుశీలకు ఒక మాట చెప్పింది: "నెల దినాలు చూస్త. నీకొస్తే నువ్వే ఉంటవు. రాకుంటే డిగ్రీ చదివిన పిల్లను తెచ్చుకుంట. ఏమనుకోకు."

ఆ మాటకు సుశీల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. సారు ఆమెకు మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి ఇచ్చాడు, దగ్గర కూర్చోబెట్టి వారం రోజులు నేర్పాడు. ఆమె తడబడినప్పుడల్లా "ఇటు ఇయ్యి అక్కా" అని మౌస్ తీసుకుని తానే చేసి చూపించేవాడు. ఆయన చేస్తే అన్నీ అయిపోయేవి. ఈమె చేస్తే ఏవీ అయ్యేవి కావు.

కంప్యూటర్ పెట్టిన నాలుగో రోజు జరిగింది. చిట్టీలు అచ్చయి లోపలికి వెళ్లాయి. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి చదివింది.

"యాదమ్మ, భర్త శివ్వంపేట!"

ఎవరూ లేవలేదు. తరువాతది చదివింది.

"స్వరూప, భర్త తూప్రాన్!"

బెంచీల మీద వాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడలిని తీసుకొచ్చిన ఒక ముసలామె గట్టిగా అన్నది: "ఇగో, ఊరికి ఊరే మొగుడైండు పో! తూప్రాన్ అంటే చిన్న సంసారమానే తల్లీ!"

ఇక నవ్వులు. నొప్పులతో ఉన్న పిల్ల కూడా కడుపు పట్టుకుని నవ్విందట. డాక్టరమ్మ బయటికొచ్చి చిట్టీలన్నీ తిప్పి చూసింది. పదకొండు మందికి ఊళ్లే భర్తలు. ఆమె నవ్వలేదు. "నెల దాక ఆగ. ఇంక పది రోజులే, సుశీలా," అని లోపలికి వెళ్లిపోయింది.

సుశీల మధ్యాహ్నానికే అన్నం డబ్బా విప్పకుండా ఇంటికొచ్చింది. వెనకనే సారు వచ్చాడు. ఆయన మొహంలో కూడా చిరాకు ఉంది.

"అక్కా, భర్త పేరు అని గంత సాఫ్‌గ రాసి పెట్టిన గద. ఊరి పేరు ఎందుకు కొట్టిండ్రు?"

సుశీల అన్నం డబ్బాను గూట్లో పెట్టింది. తరువాత అడిగింది. "సారూ, మీకు లగ్గమైంది గద?"

"అయింది."

"మీ ఇంటామెను నీ మొగుని పేరేంది అని నేనడిగితే చెప్తదా?"

"చెప్పది. పక్కనోళ్ల దిక్కు చూస్తది, వాళ్లు చెప్తరు."

"పక్కనోళ్లు మందుల దుకాణం కాడికి పోతరు, నీళ్లకు పోతరు. వచ్చేదాక మీ డబ్బా ఆగుతదా? గది నింపితేనే కిందికి పోతది. ఎర్రగ అయి కూసుంటది. వెనుక లైన్ల ఒకామె నొప్పులు పడుతుండె. నేనేం చెయ్యాలె? ఆడిది కిటికీ కాడికొచ్చి నోరు తెరిస్తే మొదలు చెప్పేది ఊరు. మీరేమో ఊరు అన్నిట్ల కింద పెట్టిండ్రు. చెప్పింది మర్చిపోతనేమో అని గా ఖాళీ జాగల కొట్టిన."

"మరి కాగితం మీద రాసినప్పుడు ఎట్ల చేస్తుంటివి?"

"ఖాళీ విడిచిపెడుతుంటి. ఆమె అత్తనో ఆడబిడ్డనో వచ్చినంక రాస్తుంటి. కాగితం ఎప్పుడన్న కోపం చేస్తదా సారూ?"

ఆయన మెట్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "బుక్కు మొదటి పాఠమే గిది అక్కా. మూడుసార్లు చదివిన. చదివి గూడ డాక్టరమ్మ ఇచ్చిన ఫారం చూసుకుంట చేసిన. మీ కిటికీ కాడ ఒక్క పూట కూసోలే."

మర్నాడు కూర్చున్నాడు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పించి, సుశీల మళ్లీ కాగితాల మీద రాస్తుంటే, వెనక స్టూలు వేసుకుని పొద్దంతా చూశాడు. మూడో రోజు గుడ్డ తీయించి, అదే పాత స్క్రీను ముందు సుశీలను కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. నేను డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడు కంటపడింది. సుశీల మౌస్ పట్టుకుని దిక్కుతోచక ఉంది. సారు స్టూలు మీద ముందుకు వంగి ఉన్నాడు, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"చలి పెడుతుందా సారూ?"

"లేదక్కా. చేతులు బయట ఉంటే మౌస్ గుంజుకుంటయి. వారం దినాలు గదే చేసిన. నేను గుంజుకుంటే అక్క ఏడ ఆగిందో నాకు తెల్వకుంటనే పోతది."

ఆ తరువాత ఆయన ఎవరికి నేర్పినా అలాగే కూర్చునేవాడు. పిల్లలు వెనక నవ్వుకునేవారు. అరచేతుల మీద కుర్చీ అల్లిక గుర్తులు పడేవి.

సుశీలకు మిగిలింది వారం. ఆ వారమే తెలంగాణ కోసం బందు మొదలైంది. బస్సులు లేవు, దుకాణాలు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. పిల్లలు రాలేదు. కంప్యూటర్ వెలగకపోతే కొత్త స్క్రీను ఎట్లా అని నేను అనుకుంటుంటే, సారు పాత పెళ్లిపత్రికల కట్ట పట్టుకుని బీడీలు చుట్టే మా అరుగు మీదికి వచ్చాడు.

"అక్కా, మీ కత్తెర జర ఇస్తరా?"

చూడకుండానే మోకాలి పక్క నుంచి తీసి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు, దాన్నే చూస్తున్నాడు.

"చూడకుంటనే ఎట్ల తీసిండ్రు?"

"చెయ్యి పోయేకాడ ఉంటది గద సారూ. ఆడ లేకుంటే దినానికి వెయ్యి బీడీలు ఎట్లయితయి?"

చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. రాసే పెన్ను మూడోసారికి దొరికింది. అది చూసి నేనే అన్నాను, "ముందు మీ జేబు సంగతి చూసుకోండ్రి సారూ." ఆ మిగతా రెండు పెన్నులూ అప్పుడే తీసి అవతల పెట్టాడు.

ఆకు కత్తిరించడానికి నా దగ్గర రేకు ముక్క ఉంటుంది, ఆకు మీద పెట్టి దాని కొలతకు కత్తిరిస్తాం. ఆ రేకు పెట్టి పెళ్లిపత్రికల వెనక తెల్ల వైపు ముక్కలు చేశాడు. ఒక ముక్క మీద ఊరు, ఒక దాని మీద పేరు, ఒక దాని మీద భర్త పేరు, ఒక దాని మీద వయసు, పుట్టిన తేదీ అని రాశాడు. అరుగు మీద పేర్చాడు. "గిదే స్క్రీను. సుశీలక్క వేలు పెట్టి నొక్కుతది. మీరందరు కిటికీ కాడికొచ్చిన ఆడోళ్లు. నేను కంప్యూటర్‌ను. నొక్కిందే చేస్త, నాకు ఇంకేమీ తెల్వది."

బీడీలు చుట్టే మా నలుగురికీ అంతకన్నా మంచి ఆట దొరకలేదు. పక్కింటి పోచమ్మ వెంటనే కొంగు నెత్తిన వేసుకుని మూలుగుతూ వచ్చింది.

"కంప్యూటర్ చాయ్ తాగుతదా సారూ?"

"తాగది. ఊరు చెప్పమ్మా," అన్నది సుశీల.

"చిన్నశంకరంపేట. మొగుని పేరు మాత్రం అడగకు, పొద్దుగాలనే తిట్టొచ్చిన."

సుశీల ముక్కల మీద వెతికింది. "సారూ, ఏడ నొక్కాలె?"

కంప్యూటర్ జవాబు చెప్పలేదు. చేతులు తొడల కింద ఉన్నాయి. "మనసుల ఏమనుకుంటున్నవో జర పైకి చెప్పక్కా," అన్నాడంతే.

"తర్వాత రాస్త అనుకుంటున్న. గా మాట ఏడ లేదు."

ఆయన చేయి తీసి ఒక తెల్ల ముక్క మీద "తర్వాత" అని రాసి భర్త పేరు పక్కన పెట్టాడు. భర్త పేరును అన్నింటి కిందికి జరిపాడు. వయసు దగ్గర పుట్టిన తేదీ కొట్టేసి, "సుమారు" అని చేర్చాడు.

నడుమ ఆయన "కరెంటు పోయింది" అని ముక్కలన్నీ చేత్తో చెదరగొట్టాడు. సుశీలకు నిజంగానే కోపం వచ్చింది. "ముగ్గురియి రాసిన! మళ్ల మొదటికెళ్లి అడగాల్నా వాళ్లను?" అన్నది. అదీ రాసుకున్నాడు. ఒక గడి నింపగానే దానంతట అదే దాచుకునే ఏర్పాటు తరువాత వచ్చింది.

నా వంతూ వచ్చింది, సుశీల చోట కూర్చున్నాను. చివర రెండు ముక్కలున్నాయి: ఒకటి సరే, ఇంకొకటి ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతల గుర్తు. నేను గీతల గుర్తు నొక్కాను. ఆయన అన్నీ తీసేశాడు.

"గదేంది సారూ? ఇదే కావాలె అని నొక్కితి గద?"

"గది వద్దు అని గుర్తు అక్కా."

"వద్దా? సర్పంచి ఓట్లనాడు మాకు కావల్సినాయన బొమ్మ మీద గసొంటి గీతల ముద్రనే గద గుద్దేది? పుట్టిన కాడికెళ్లి నేను వద్దన్నోళ్ల మీద ముద్ర గుద్దలే."

మా పోచమ్మ, "నేను గూడ గదే నొక్కుతుంటి," అన్నది. మిగతా ఇద్దరూ అదే అన్నారు. సారు భుజాలు ఊగాయి. కత్తెర తీసుకుని ఆ గుర్తును కత్తిరించి పడేసి, "వద్దు" అని అక్షరాల్లోనే రాశాడు. కత్తెరను మళ్లీ తెచ్చి నా కుడి మోకాలి పక్కనే పెట్టాడు. అట్లా పెట్టిన మగమనిషిని నేను ఆయనొక్కడినే చూశాను.

కరెంటు ఉన్న గంటల్లో ఆ ముక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పదో రోజు వచ్చింది. అంతకుముందు రెండు రోజులు చౌరస్తాలో రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు, దారులు మూసుకుపోయాయి. ఆ రోజు కొంచెం సడలేసరికి ఆగిపోయిన గర్భిణులంతా ట్రాక్టర్లలో, ఆటోల్లో ఒక్కసారే దిగారు. కిటికీ ముందు లైను గేటు దాటింది. డాక్టరమ్మ సుశీల వెనక వచ్చి నిలబడింది. స్టూలుకు చోటు లేక సారు గోడకు ఆనుకున్నాడు, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని.

"ఊరు?" "పేరు?" "వయసెంత సుమారు?" మొదటి ముగ్గురి దగ్గర సుశీల ఒక్కో గడీ వెతుక్కుంది. నాలుగో మనిషి దగ్గర సర్దుకుంది. ఒకామెను భర్త పేరు అడిగింది. ఆమె తలవంచుకుంది. సుశీల "తర్వాత" నొక్కింది. చిట్టీ బయటికొచ్చింది. తలవంచుకున్న ఆమె తల ఎత్తకముందే పని అయిపోయింది.

నర్సమ్మ తలుపు దగ్గర చదివింది. "శివ్వంపేట, యాదమ్మ!"

బెంచీ మీద నుంచి ఒకామె లేచింది. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ ముప్పై మంది అయ్యేదాకా నిలబడింది. పోయేటప్పుడు ఒకే మాట అన్నది: "సుశీలా, ఆ ఫ్యాను ఇన్ని దినాలు కంప్యూటర్ దిక్కు పెట్టినం. నీ దిక్కు తిప్పుకో."

ఇంటికొచ్చి సుశీల రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. సారు మాత్రం మెట్ల మీద కూర్చుని, "పదిహేడో ఆమె కాడ నీ చెయ్యి ఆగింది, ఎందుకాగింది అక్కా?" అని అడిగాడు. ముక్కు మీద ఈగ వాలిందని సుశీల చెప్పింది. అదీ రాసుకున్నాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆయన గది ఖాళీ చేశాడు. ఆ రోజు కూడా చెప్పులు వీధి వైపే తిరిగి ఉన్నాయి. తొడుక్కుని వెళ్లిపోయాడు. తరువాత ఎక్కడ ఏం చేశాడో నాకు తెలియదు, నేను అడిగి తెలుసుకోనూ లేదు.

ఫోన్ వచ్చిన మూడు రోజులకు, శుక్రవారం, సుశీలకు డబ్బా తీసుకుని దవాఖానకు వెళ్లాను. చూపు మసకబారిందని వచ్చే నెల నుంచి మానేస్తోంది. ఆమె కుర్చీలో కొత్తగా చేరినామె ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. కిటికీ అవతల లైను పెరుగుతోంది. కొత్తామె వేలు గాల్లో ఆగింది. పక్కన స్టూలు మీద సుశీల. ఎక్కడ నొక్కాలో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు.

"ఏం గాదు బిడ్డా. మనసుల ఏమనుకుంటున్నవో జర పైకి చెప్పు," అంటోంది.

నేను డబ్బా చాచాను. ఆమె అందుకోలేదు. తల కూడా తిప్పకుండా అన్నది:

"గాడ పెట్టు వదినా. చేతులు ఖాళీ లేవు."

చూస్తే రెండు అరచేతులూ తొడల కింద ఉన్నాయి.

డబ్బా కిటికీ గట్టున పెట్టి వచ్చేశాను. అంతే సంగతి. ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లో వెతికిన వస్తువు చెయ్యి పోయే చోటనే దొరుకు గాక. తడబడిన వాళ్ల చేతిలోంచి పని గుంజుకునే తొందర మీ గడప తొక్కకుండు గాక. మీ ఆడవాళ్ల కుర్చీలు వాళ్లకే ఉండు గాక, ఫ్యాను గాలి వాళ్ల దిక్కే తిరుగు గాక. పిల్లాజెల్లాతో మీ ఇల్లు చల్లగుండాలె.